ప్రభు బల్ల తెర దాటుతుందా? కరోనా కాలంలో సంస్కారం చుట్టూ పడ్డ చిక్కుముడి

2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వులో ప్రార్థనా స్థలాల గురించి ఉన్నవి రెండే ముక్కలు. ప్రజలకు మూసెయ్యాలి, మతపరమైన కూడికలకు ఏ మినహాయింపూ లేదు. ఆ ఏడాది మట్టల ఆదివారం ఏప్రిల్ 5, ఈస్టర్ ఏప్రిల్ 12. అంటే సరిగ్గా ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో మందిరాలకు తాళాలు పడ్డాయి. పాట, ప్రసంగం, ప్రార్థన ఎలాగోలా ఫోన్‌లోకి ఎక్కాయి. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం కూడా చిన్న తెర మీదే జరిగింది. ఎక్కించవచ్చా, కూడదా అన్నది తేలకుండా మిగిలింది మాత్రం సంస్కారం, అంటే యేసు చివరి రాత్రి భోజనాన్ని తలచుకుంటూ ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం.

దానికి పేరే ఒకటి కాదు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో ప్రభు సంస్కారం, బాప్టిస్టులకు ప్రభు భోజనం, బ్రదరన్, హెబ్రోను సహవాసాల వాళ్ళకు రొట్టె విరుచుట, కథోలికులకు దివ్యసత్ప్రసాదం. ఒకరు ఇంట్లోనే రొట్టె, రసం సిద్ధం చేసుకోమన్నారు. ఇంకొకరు మందిరం తెరిచేదాకా ఆగమన్నారు. మరొకరు చూస్తూ మనసులోనే స్వీకరించమన్నారు. చుట్టరికాల్లో అన్ని సంఘాల వాళ్ళూ ఉంటారు కాబట్టి ఇది త్వరలోనే వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి భక్తి ఎక్కువ అన్న తగువైంది. ఆగినవాళ్ళకు విశ్వాసం లేదని ఒకరు, ఇంట్లో తీసుకున్నవాళ్ళకు భయభక్తులు లేవని ఇంకొకరు.

తగువు మూలం మాత్రం ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. సంస్కారం సంస్కారం కావాలంటే బల్ల దగ్గర ఎవరు నిలబడాలి, ఏ మాటలు పలకాలి, ఎదుట ఏ పదార్థం ఉండాలి, చుట్టూ ఎవరు ఉండాలి అన్న ప్రశ్నలకు ప్రతి సంఘం ఎప్పుడో జవాబు చెప్పుకుంది. మామూలు రోజుల్లో ఈ నాలుగూ ఒకే గదిలో ఉంటాయి కాబట్టి ఏది ముఖ్యమో తేల్చుకోవలసిన పని పడదు. కరోనా వాటిని విడదీసింది.

ఎవరి బల్ల ఏం చెబుతుంది

కథోలికుల జవాబు అన్నిటికన్నా సూటిగా ఉంది. అభిషిక్తుడైన గురువు, ఆయన ఎదుటే ఉన్న గోధుమ రొట్టె, ద్రాక్షారసం, ఆయన నోటి నుంచి ‘ఇది నా శరీరము’ అన్న ప్రతిష్ఠాపన వాక్యాలు. పదార్థం గురువు ముందు లేకపోతే ప్రతిష్ఠ లేదు. ఫోన్ ముందు పళ్ళెంలో చపాతీ పెట్టుకుంటే పూజ అయ్యాక కూడా అది చపాతీయే. అయితే వాళ్ళ తర్కంలో ఇంకో భాగం ఉంది. విశ్వాసులు ఒక్కరూ లేకపోయినా గురువు అర్పించిన బలిపూజ సంపూర్ణమే. అందుకే రోమ్ 2020 మార్చి 19న, మళ్ళీ 25న ఇచ్చిన ఆదేశాల్లో పవిత్ర వారపు ఆరాధనలు జనం లేకుండానే జరపమంది, పెద్ద గురువారం పాదాలు కడిగే క్రియను వదిలెయ్యమంది. ప్రసారం రికార్డు చేసినది కాకుండా ప్రత్యక్షంగా ఉండాలని కూడా సూచించింది. ఇంట్లో ఉన్నవాళ్ళకు మిగిలింది ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకరణ, అంటే స్వీకరించాలన్న కోరికను ప్రార్థనగా చెప్పుకోవడం. ఇది కరోనాకు కొత్తగా అల్లింది కాదు; ఆ ప్రార్థనల్లో బాగా వాడుకలో ఉన్నది 18వ శతాబ్దపు పునీత అల్ఫోన్సు లిగోరిది. పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, మాత్రం ఫోన్‌లో చెల్లదు. గురువు దొరక్కపోతే పూర్ణ పశ్చాత్తాపంతో నేరుగా దేవునికి చెప్పుకుని, వీలైనప్పుడు గురువు దగ్గరకు వెళ్తానని తీర్మానించుకోవాలని పోప్ ఫ్రాన్సిస్ మార్చి 20 ఉదయపు ప్రసంగంలో గుర్తుచేశారు.

బాప్టిస్టుల దారి దీనికి అవతలి కొస. రొట్టె రొట్టెగానే ఉంటుంది, జ్ఞాపకం చేసుకోవడమే అసలు పని. పదార్థంలో మార్పు రావాలన్న నమ్మకం లేనప్పుడు, పాస్టరుగారి చేతికీ ఇంటి పళ్ళేనికీ మధ్య ఇరవై కిలోమీటర్లున్నా పెద్ద అడ్డంకి కాదు. పెంతెకొస్తు సంఘాలు చాలావాటికి కూడా ఇదే వీలు. వీళ్ళకు ఎదురైన ప్రశ్న వేరు: ఎవరు తీసుకుంటున్నారో చూసేదెవరు? బాప్తిస్మం పొందనివారు, సంఘం శిక్షగా పక్కన పెట్టినవారు బల్లకు దూరంగా ఉండాలన్న నియమం మందిరంలో కళ్ళెదుటే అమలవుతుంది. తెర అవతల తొమ్మిదేళ్ళ పిల్లాడు ముక్క నోట్లో వేసుకుంటే పెద్దలకు తెలియదు. అపాత్రముగా తీసుకోవడం గురించి కొరింథీయులకు పౌలు చేసిన హెచ్చరిక అంతా ఇంటి పెద్ద మనస్సాక్షి మీద పడింది.

అసలు ఇరుకు మధ్యలో ఉన్నవాళ్ళది. గుంటూరు కేంద్రంగా ఎదిగిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘాన్నే తీసుకోండి. ఈ సంఘాలకు మూలపురుషుడైన లూథర్ బోధ ప్రకారం క్రీస్తు శరీర రక్తాలు రొట్టె, రసాలలో నిజంగా ఉన్నాయి. 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో రొట్టె గుర్తు మాత్రమే అన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో కూర్చున్నప్పుడు ఆయన బల్ల మీద సుద్దముక్కతో ‘ఇది నా శరీరము’ అని లాటిన్‌లో రాసి, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అయితే ఆ ఉనికి గురువుకున్న ప్రత్యేక శక్తి వల్ల వచ్చేది కాదు, క్రీస్తు వాక్కు వల్ల వచ్చేది. మరి వాక్కు తీగ మీద ప్రయాణిస్తే పనిచెయ్యదా? ఒక లూథరన్ ‘చేస్తుంది’ అనగలడు. ఇంకో లూథరన్, 1536లో లూథరే ఒక పాదిరికి రాసిన ఉత్తరం తీసి చూపించగలడు: ఇంటి యజమాని ఇంట్లోవాళ్ళకు వాక్యం బోధించవచ్చు, సంస్కారం మాత్రం సంఘం నడుమ బహిరంగంగా జరగాల్సిన పని అని. రెండు వాదాలూ ఒకే ఇంటివి.

సీఎస్ఐలో చిక్కు ఇంకో రకం. 1947 సెప్టెంబరు 27న ఒక్కటైనప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారసత్వాలు నాలుగూ లోపలికి వచ్చాయి. దోర్నకల్‌ది ఆంగ్లికన్ మూలం, మెదక్‌ది మెథడిస్టు మూలం, రాయలసీమలో లండన్ మిషన్ నాటినవి చాలా. కాగితం మీద నియమం ఒక్కటే: అభిషేకం పొందిన ప్రెస్బిటరో (పాదిరి) బిషప్పో ఉంటేనే సంస్కారం. రొట్టె ఆయన ఎదుట ఉండాలా, ఆయన మాట అందితే చాలా అన్న చోట మాత్రం పాత మూలాలు ఒకదాన్నొకటి లాగుతాయి. ఆంగ్లికన్ల 1662 ప్రార్థనా గ్రంథంలో ఇందుకు పనికొచ్చే సూచనలు రెండున్నాయి. నిజమైన పశ్చాత్తాపం, విశ్వాసం ఉండి, జబ్బు తీవ్రత వల్ల నోటితో తీసుకోలేనివాడు కూడా ఆత్మకు మేలు కలిగేలా క్రీస్తు శరీర రక్తాలను స్వీకరించినట్టే అన్నది ఒకటి. రెండోది ఇంకా ఆసక్తికరం. మంచం దగ్గర సంస్కారం ఇచ్చేటప్పుడు రోగితో పాటు ఇంకొందరు తీసుకోవాలన్నది మామూలు నియమం. ప్లేగులాంటి అంటురోగ కాలంలో ఎవరూ రాని పక్షంలో పాదిరి ఒక్కడే రోగితో కలిసి తీసుకోవచ్చని అక్కడ సడలింపు ఉంది.

బ్రదరన్ సహవాసాలకు పాదిరి అడ్డంకి లేనే లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరవడం వాళ్ళ ఆరాధనకు గుండెకాయ, నడిపేది సహోదరులే. ‘ఇంటింట రొట్టె విరుచుచు’ అన్న అపొస్తలుల కార్యములు 2:46 చూపించి ఇళ్ళల్లో కానివ్వడం వాళ్ళకే అందరికన్నా తేలిక అనిపిస్తుంది. కానీ వాళ్ళకు అంతే బలమైన వాక్యం ఇంకొకటుంది: ‘రొట్టె యొక్కటే, గనుక ఒక్క శరీరమైయున్నాము.’ ఒకే రొట్టె, ఒకే గిన్నె చుట్టూ కూడిన స్థానిక సంఘమే బల్లకు అర్థమైతే, నలభై ఇళ్ళలో నలభై రొట్టెలు దేనికి గుర్తు?

‘ఆది సంఘం ఇళ్ళల్లోనే కదా కూడింది’ అన్న మాట ఆ రోజుల్లో తరచూ వినబడింది. నిజమే, ఆ ఇంట్లో కూడింది సంఘం. ఒక్క కుటుంబం తలుపు వేసుకుని చేసుకున్నది కాదు. కైసరియ బిషప్పు బాసిలు 4వ శతాబ్దంలో రాసిన ఒక ఉత్తరంలో హింసాకాలంలో గురువు లేనప్పుడు విశ్వాసులు తమ చేత్తోనే ఇంట్లో తీసుకునేవారనీ, అందులో తప్పు లేదనీ ఉంది. అయితే వాళ్ళు తీసుకున్నది అంతకుముందు గురువు ప్రతిష్ఠించి ఇవ్వగా ఇంట్లో దాచుకున్న రొట్టెను. 1576 ప్లేగులో మిలాన్ ఆర్చిబిషప్ చార్లెస్ బొర్రోమియో వీధి కూడళ్ళలో బలిపీఠాలు కట్టించాడు, జనం కిటికీల్లోంచి పూజ చూడడానికి. అంటే దూరం నుంచి చూడడానికీ, ఇంట్లో స్వీకరించడానికీ రెంటికీ పాత దాఖలాలున్నాయి. దూరం నుంచి ప్రతిష్ఠించడానికి మాత్రం లేదు. 2020లో అందరి ముందుకూ వచ్చిన ప్రశ్న అదే.

ఆగినవాళ్ళకూ వాక్యాధారం లేకపోలేదు. సంఖ్యాకాండము 9లో అపవిత్రత వల్లనో దూర ప్రయాణం వల్లనో పస్కా పండుగను ఆచరించలేనివారికి రెండో నెల 14వ రోజు ఇచ్చారు. ఇళ్ళల్లో ఎవరికి వారు ఏదో ఒకటి చేసుకోమనలేదు, ఒక నెల ఆగమన్నారు. ‘ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనియుండుడి’ అన్న 1 కొరింథీ 11:33 కూడా ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. ఇబ్బందల్లా ఒక్కటే. నెల ఆగడం వేరు, ఎన్ని నెలలో తెలియకుండా ఆగడం వేరు.

ఇంట్లో చేసుకున్నచోట ఏం తేడా కొట్టింది

పదార్థం దగ్గరే మొదలైంది. మనిషికి గోరంత రొట్టె, ఒక చెంచా అంటే 5 మి.లీ. రసం చాలు. నూనె, ఉప్పు లేకుండా కాల్చిన గోధుమ చపాతీ ఒకటి కుటుంబానికంతటికీ సరిపోతుంది. నల్ల ద్రాక్ష కిలో కడిగి, గ్లాసెడు నీళ్ళతో పది, పదిహేను నిమిషాలు ఉడికించి వడకడితే అర లీటరు పైచిలుకు వస్తుంది. వేసవిలో బయట ఉంచితే మర్నాటికే పులుస్తుంది కాబట్టి ఫ్రిజ్ లేని ఇంట్లో ఆదివారం పొద్దున్నే చేసుకోవాలి. కాయ దొరకనప్పుడు గుప్పెడు నల్ల ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళతోనే మరిగించి, మెదిపి వడకట్టడం మన సంఘాల్లో పాత అలవాటే. రంగు కలిపిన షర్బత్, కూల్‌డ్రింక్ వాడడం దగ్గర జారిపోయినవాళ్ళూ ఉన్నారు. ద్రాక్షావల్లి రసం అన్న మాటకు అర్థం ఉండాలనుకునే సంఘం దీన్ని ముందే స్పష్టంగా చెప్పి ఉండాల్సింది.

రెండోది సమయం. యూట్యూబ్ లైవ్ తెర మీదకు పది నుంచి ముప్పై సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఇంటర్నెట్‌ను బట్టి ఇంటింటికీ తేడా. ‘అందరం కలిసి తీసుకుందాం’ అని పాస్టరుగారు తిని, వెంటనే పాట ఎత్తుకుంటే సగం ఇళ్ళు ఇంకా రొట్టె విరుస్తూ ఉంటాయి. ఆ మాట తర్వాత పూర్తిగా ఒక నిమిషం మౌనం పాటిస్తే చాలు, ఇది సర్దుకుంటుంది. జూమ్‌లో ఆలస్యం తక్కువ. కానీ డబ్బు కట్టని ఖాతాకు 40 నిమిషాల గడువు, 100 కనెక్షన్ల పరిమితి. గంటన్నర ఆరాధన చివర సంస్కారం పెట్టుకున్నవాళ్ళకు సరిగ్గా అక్కడే తెగిపోతుంది. బల్లను ముందుకు జరిపి, ప్రసంగాన్ని వెనక పెట్టుకోవడం తేలికైన మందు. అందరి మైకులు తెరిచి ఉంచి, ఆరాధనలో సంఘం పలికే ప్రత్యుత్తరాలు చెప్పిస్తే గోల తప్ప ఏమీ వినబడదు. ఒక్క ఇంటిని ఎంచుకుని వాళ్ళచేత చెప్పించాలి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ళకు మామూలు కాన్ఫరెన్స్ కాల్ చాలాచోట్ల యూట్యూబ్ కన్నా బాగా పనికొచ్చింది. వాళ్ళకు తెలిసిన గొంతు వినబడుతుంది, తిరిగి ‘ఆమేన్’ అంటే అవతల వినబడుతుంది.

శనివారం రికార్డు చేసి ఆదివారం వదిలే వీడియో సంగతి వేరు. లూథరన్, ఆంగ్లికన్ తర్కంతో చూస్తే అది అన్నిటికన్నా బలహీనం. పలికినవాడు పలికిన క్షణాన విన్నవాడే లేడు.

తలుపులు తెరిచాక: గిన్నె మీద పోట్లాట, గాలిని మరిచిన వైనం

2020 జూన్ 8 నుంచి కంటైన్‌మెంట్ జోన్లు కాని చోట్ల ప్రార్థనా స్థలాలు తెరవవచ్చని కేంద్రం చెప్పింది. అంతకు నాలుగు రోజుల ముందు ఆరోగ్యశాఖ ఇచ్చిన నియమాల్లో ఆరడుగుల ఎడం, ప్రసాదం పంచకపోవడం, తీర్థం చల్లకపోవడం, పుస్తకాలూ విగ్రహాలూ ముట్టుకోకపోవడం ఉన్నాయి. గాయక బృందాలు వద్దు, రికార్డు చేసిన పాటలు పెట్టుకోవచ్చు అన్న వాక్యం కూడా ఉంది. 65 ఏళ్ళు దాటినవారు, పదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, ఇతర జబ్బులున్నవారు ఇంటి దగ్గరే ఉండడం మంచిదన్నారు.

ముందు లెక్క చూడాలి. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున్న మందిరం 1,800 చదరపుటడుగులు. మనిషికి ఆరు బై ఆరు, అంటే 36 చదరపుటడుగులు ఇస్తే 50 మంది. బలిపీఠం, నడవ, తలుపుల దగ్గర ఖాళీ తీసేస్తే 35 నుంచి 40. ఒకే ఇంటివాళ్ళను పక్కపక్కన కూర్చోబెడితే 60 దాకా పెరగవచ్చు. అంటే 200 మంది సంఘానికి నాలుగు ఆరాధనలు. ఒక్కోటి 45 నిమిషాలు మించకుండా, మధ్యలో అరగంట కిటికీలు తెరిచి ఖాళీగా ఉంచి. రెండో ఆరాధనకు వచ్చేవాళ్ళు మొదటివాళ్ళు వెళ్ళకముందే గేటు దగ్గర గుమిగూడితే లోపల పాటించిన ఎడమంతా వృథా. వెళ్ళే దారి, వచ్చే దారి వేరుగా ఉండాలి.

ఇక గిన్నె. ఒకే గిన్నెలోంచి అందరూ తాగే చోట ‘ద్రాక్షసారాలో ఆల్కహాల్ ఉంది, వెండి గిన్నె, తుడుస్తున్నాం కదా’ అన్నారు. సారాలో ఆల్కహాల్ మహా అయితే 12 నుంచి 20 శాతం. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో కనీసం 60 ఉండాలి, పైగా అరనిమిషం తడి నిలవాలి. గుడ్డతో తుడిస్తే తగ్గుతుంది, పోదు. మరోపక్క నిజం కూడా చెప్పుకోవాలి: ఉమ్మడి గిన్నె వల్లే ఒక అంటువ్యాధి వ్యాపించిందని రుజువైన సందర్భం లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిపుణులు 1998లోనే రాశారు. ప్రమాదం సున్నా కాదు, కానీ జనం ఊహించుకున్నంత పెద్దదీ కాదు.

పెద్ద ప్రమాదం గాలిలో ఉంది. 2020 మార్చి 10న అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మందికి జబ్బు సోకినట్టు లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. అదే నెలలో ఆర్కాన్సాలోని ఒక పల్లె చర్చిలో కూడికలకు వచ్చిన 92 మందిలో 35 మందికి పరీక్షలో నిర్ధారణ అయింది, ముగ్గురు పోయారు. గిన్నెను మార్చి, కిటికీలు మూసి ఏసీ వేసుకుని గొంతెత్తి పాడిన సంఘం చిన్న కన్నం పూడ్చి పెద్ద తలుపు తెరిచిపెట్టినట్టే. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. రెండు వైపులా కిటికీలు తీసి, ఒక పక్క ఫ్యాను బయటికి ఊదేలా పెడితే మేలు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఉక్కకు ఎవరూ నిలవలేరు కాబట్టి పొద్దున్న ఆరున్నరకే పెట్టుకోవాలి. పందిరి కింద బల్ల పెట్టుకుంటే అన్నిటికన్నా మంచిది.

బల్ల దగ్గర వరస ఇలా ఉంటే చిక్కులు తక్కువ. సిద్ధం చేసేవారు ఒక్కరే ఉండాలి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ రాసిన చేత్తో రొట్టె తుంచితే చేదు అంటుకుంటుంది, ముక్క నోట్లో పెట్టగానే తెలిసిపోతుంది. చిన్న కప్పులు వాడితే ఒక్కోదానిలో 10 మి.లీ. చొప్పున 200 మందికి రెండు లీటర్లు. కప్పులు అంచుకు అంచు ఆనకుండా అమర్చాలి, లేకపోతే ఒకటి తీసేవాడి వేళ్ళు నాలుగింటికి తగులుతాయి. ప్రతిష్ఠాపన వాక్యాలు పలికేటప్పుడు రొట్టె, కప్పులు మూతపెట్టి ఉండాలి, లేదా పలికేవారు మాస్కుతో ఉండాలి. మాటతో పాటే తుంపరలు పడతాయి. కథోలిక గురువులు తమ పెద్ద అప్పాన్ని (పూజలో వాడే పల్చటి రొట్టె బిళ్ళ) విడిగా, జనానికిచ్చేవాటిని మూత ఉన్న పాత్రలో విడిగా ఉంచుకోవడం ఇందుకే. వాళ్ళకు ఇంకో సౌలభ్యం ఉంది: ఒక్క అప్పంలోనే క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడన్న బోధ వల్ల గిన్నె ఇవ్వకపోయినా విశ్వాసికి లోటు జరిగినట్టు కాదు. వాళ్ళ చిక్కు నాలుక మీద ఇవ్వడం దగ్గర. వేళ్ళు ఒక నోటికి తగిలితే తర్వాతివాళ్ళకు ఇచ్చేముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. అందుకే చాలాచోట్ల చేతిలోనే తీసుకోమన్నారు.

‘నీ కొరకు’ అంటూ ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ చెప్పే మాట ఒకేసారి అందరికీ చెప్పి, పంచేటప్పుడు మౌనంగా ఉండాలి. బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరిల్లడం బదులు నిలబడి తీసుకుని, రెండడుగులు పక్కకు జరిగాకే మాస్కు దించాలి. బెంచీల మీదుగా ట్రే చేతులు మారే పద్ధతి మానుకోవాలి. కొవ్వొత్తులు వెలిగించేవారు శానిటైజర్ పూర్తిగా ఆరేదాకా అగ్గిపుల్ల గీయకూడదు. నేలకు వాడే క్రిమిసంహారకం, 1 శాతం హైపోక్లోరైట్‌ను ఇత్తడి, వెండి పాత్రలకు పూస్తే నల్లబడి తినేస్తుంది. వాటికి వేడినీళ్ళు, సబ్బు చాలు.

మంచం పట్టినవారి సంగతి చివరిదాకా చాలామందికి తట్టలేదు. ఇంట్లో ఐసొలేషన్ గడువు పూర్తయ్యేదాకా సంస్కారం మోసుకెళ్ళనవసరం లేదు. కిటికీ దగ్గరో ఫోన్‌లోనో ప్రార్థన చాలు. ఆ తర్వాత వెళ్ళేటప్పుడు ఒకే ఒక్కరు, మాస్కుతో, తలుపులు తెరిపించి, పది నిమిషాల్లోపు ముగించాలి. ఒక్కరికి కావలసినంతే, మూత ఉన్న రెండు చిన్న డబ్బాల్లో తీసుకెళ్ళాలి. రుచి పోయినవారికీ, మింగడం కష్టమైనవారికీ రొట్టెను రసంలో తడిపి చెంచాతో ఇవ్వవచ్చు, ఆ చెంచా ఆ ఇంట్లోదే అయి ఉండాలి. మిగిలినదాన్ని తిరిగి మందిరంలోని పాత్రలో కలపకూడదు. మిగిలినదాన్ని అక్కడే ముగించాలన్న నియమం ఉన్న సంఘాల వాళ్ళు రోగి తాకనిదాన్ని తామే తీసుకుని, డబ్బాలు కడిగిన నీళ్ళను మొక్క మొదట్లో పోస్తారు.